ఇంతకీ ఆ ఊరెక్కడ? ఇంగ్లీషు పాటలకి అర్థం చెప్పిన రోజులు

నేను చేసిన పనికి ఇప్పటికీ పేరు లేదు. రేషన్ కార్డులో వృత్తి అన్నచోట ‘సంగీతం’ అని రాశారు. అల్లుడేం చేస్తాడని ఎవరైనా అడిగితే మా మావగారు ‘ప్రైవేటు’ అని చెప్పి మాట మార్చేసేవారు. నిజానికి నేను చేసింది ఇది. తొంభైల్లోనూ ఆ తర్వాతా బందరు, గుడివాడ, దివిసీమల్లో పెళ్ళిళ్ళకీ, జాతరలకీ, కాలేజీ వార్షికోత్సవాలకీ ఆర్కెస్ట్రాలో గిటారు వాయించాను. ఆర్కెస్ట్రా ఇంగ్లీషు పాట ఎత్తుకునే ముందు మైకు దగ్గరికి వచ్చి, ఆ పాట ఏ ఊరి గురించో, అందులో మనిషి ఏమంటున్నాడో తెలుగులో చెప్పాను. గిటారు వాయించేవాళ్ళు చాలామంది ఉన్నారు. అర్థం చెప్పినవాణ్ణి, నాకు తెలిసినంతవరకు, ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే.

ఎవరూ నన్ను రిటైర్ చెయ్యలేదు. వేళ్ళే చేశాయి. చలికాలం పొద్దున కాఫీ గ్లాసే సరిగా పట్టుకోలేనివాణ్ణి, ఇక తీగలేం పట్టుకుంటాను?

ఈమధ్య మా వీధి కుర్రాళ్ళు కొందరు గిటార్లు కొనుక్కుని ఈవెంట్లకి వెళ్తున్నారు. “అంకుల్, మీ రోజుల్లో ఫీల్డు ఎట్టా ఉండేదండీ?” అని అడుగుతారు. నేను గొంతు సవరించుకునేలోపు ఫోన్లు తీస్తారు. అందుకే రాస్తున్నాను. రాస్తే కనీసం ఆ ఫోన్లోనైనా చదువుతారని ఆశ. పాటల పేర్లు మాత్రం చెప్పను. చెబితే అసలు పాటలు వెతికి విని, మేం పాడినవి వాటికి ఎంత దూరంగా ఉండేవో తెలుసుకుంటారు. ఈ వయసులో నాకా అప్రతిష్ట అవసరం లేదు.

రొయ్యల వెనక వచ్చిన ఇంగ్లీషు

మా నాన్న గుడివాడ దగ్గర ఒక పల్లెటూళ్ళో పాస్టరు. గిటారు నాకు చర్చిలోనే వచ్చింది. చర్చిలో పాత సువార్త కేసెట్లు ఉండేవి. వాటిలో కొన్నింటికి రెండోవైపు ఎవరో పుణ్యాత్ముడు ఇంగ్లీషు కంట్రీ పాటలు, అంటే అమెరికా పల్లెటూళ్ళ పాటలు, రికార్డు చేసి పెట్టాడు. ఒకవైపు వేస్తే ప్రభువు మనిషిని పిలిచేవాడు. రెండోవైపు వేస్తే ఎవరో గుర్రాలాయన తన ఊరిని పిలిచేవాడు. నేను రెండువైపులా నేర్చుకున్నాను. ఒకవైపుతోనే ఆపి ఉంటే బాగుండేదని మా నాన్న చివరిదాకా అనేవారు.

ఆ పాటలకి ఇక్కడ గిరాకీ ఎలా వచ్చిందంటే, రొయ్యల వల్ల. ఆ రోజుల్లో దివిసీమలో వరిచేలు తవ్వి రొయ్యల చెరువులు చేస్తున్నారు. రొయ్య బాగా పండిన ఇళ్ళల్లో పెళ్ళికి సన్నాయి సరిపోలేదు, సినిమా పాటలూ సరిపోలేదు. “అమెరికావాళ్ళు మన రొయ్య తింటన్నారు. మనం వాళ్ళ పాట వినకపోతే ఏం బాగుంటదండీ?” అన్నాడు ఒక చెరువుల ఆసామి. ఇంత మర్యాదగా ఆలోచించేవాళ్ళు వ్యాపారంలో తక్కువ.

మా ఆర్కెస్ట్రా యజమాని వెంకటరత్నం గారు. గుడివాడ మనిషి. అంతకుముందు పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. నాటకాలు తగ్గాక ఆర్కెస్ట్రా పెట్టారు. ఆయనకి ఇంగ్లీషు ముక్క రాదు, కానీ బుకింగ్ వస్తే దేనికీ లేదనే మాట లేదు. “ఫ్రెంచి పాటలున్నాయా?” అని ఒకాయన అడిగితే “రెండున్నాయండీ” అన్నారు. తర్వాత నావైపు తిరిగి, “ఉన్నాయా?” అన్నారు.

మొదటి ఇంగ్లీషు పాట గుడివాడలో ఒక పెళ్ళి రిసెప్షన్లో పాడాం. కొండల మధ్య ఊరు, ఆ ఊరికి తిరిగి వెళ్ళాలని ఒకడి ఆరాటం. పల్లవి కూడా పూర్తికాకముందే పెళ్ళికూతురి మేనమామ స్టేజీ దగ్గరికి వచ్చి చెయ్యెత్తాడు. జనరేటరు ఆగిపోయిందేమోనని అందరం వెనక్కి చూశాం.

“పాట బాగానే ఉంది బాబూ. ఇంతకీ ఏమంటన్నాడు?”

వెంకటరత్నం గారు నావైపు చూశారు. “చెప్పవయ్యా శామ్యూలూ.”

“ఊరికి వెళ్ళాలంటున్నాడండీ.”

“ఏ ఊరు?”

“వాళ్ళ ఊరేనండీ. కొండల్లో ఉంది.”

“ఎవరికన్నా ఒంట్లో బాగాలేదా?”

“అందరూ బాగానే ఉన్నారండీ. ఊరికే, బెంగ.”

“మరి వెళ్ళొచ్చుగా?”

నాకు తెలిసిన కంట్రీ పాటలన్నీ ఈ ఒక్క ప్రశ్నని తప్పించుకు తిరగడం మీదే నడుస్తున్నాయి. ఆ మనిషి నిజంగా బస్సెక్కి వెళ్ళిపోతే పాట ఉండదు.

నాకు చెమటలు పట్టాయిగానీ వెంకటరత్నం గారి మొహం వెలిగిపోయింది. మర్నాడు పిలిచి చెప్పారు. “హరిదాసు కథ చెప్పకుండా కీర్తన ఎత్తుకుంటాడా? నాటకంలో ఎవడు ఎవడి మీద కోప్పడుతున్నాడో తెలియకుండా పద్యం రక్తి కడుతుందా? మనవాళ్ళకి ముందు సంగతి కావాలి, తర్వాత రాగం. ఇవాళ్టినుంచి పాటకి ముందు నువ్వు అర్థం చెప్తున్నావు.” అలా వచ్చింది నాకు ఉద్యోగం. అప్పాయింట్‌మెంట్ ఆర్డరు అంతే.

ఆయనలో నాకు నచ్చిన గుణం ఒకటుంది. ప్రతి అర్థాన్నీ ముందు తన అరుగు మీద కూర్చుని వినేవారు. “నాకు ఇంగ్లీషు రాదు. నాకు తెలిసిందంటే గుడివాడ మొత్తానికి తెలిసినట్టే” అనేవారు. తనకి రాని సంగతిని ఇంత బాగా వాడుకున్న యజమానిని నేను మళ్ళీ చూడలేదు.

కొండ అంటే బెజవాడే

మాది బల్లపరుపు నేల. ఎత్తు అంటే కరకట్ట, లోతు అంటే కాలవ. కంట్రీ పాటల్లో చూస్తే సగం కొండలే. మొదట్లో నేను తెలివిగా చేస్తున్నాననుకుని, “కొండ అంటే మన బెజవాడ కొండ లాంటిదండీ” అని చెప్పేవాణ్ణి. అవనిగడ్డలో అలా చెప్పి పాట మొదలుపెట్టాం. పాట కరుణరసంతో సాగుతోంది. మూడో వరసలో ఒకాయన పక్కాయనతో మైకు కంటే గట్టిగా అన్నాడు. “మా వాడు బెజవాడలోనే చదువుతున్నాడు. బస్సులకేం కరువు? దానికింత ఏడుపెందుకు?”

జనం నవ్వారు. డ్రమ్ములాయన కూడా నవ్వాడు, తాళం తప్పాడు.

అరుగు మీద వెంకటరత్నం గారు తప్పు పట్టుకున్నారు. “కొండని కొండతో పోల్చబాక. వాడికి ఊరు చేరడం ఎంత కష్టమో, అంత కష్టం మనకెక్కడుందో చూడు.” తర్వాతిసారి అదే పాటకి, “వరద రోజుల్లో పెనుమూడి రేవులో బల్లకట్టు ఆపేశారు. అవతలి గట్టు మీద మీ ఊరు కనపడుతూనే ఉంది. ఇదీ ఆయన పరిస్థితి” అన్నాను. ఎవరూ నవ్వలేదు. పాట అయ్యాక ఒక ముసలావిడ వచ్చి, “వరద తీసిందా బాబూ ఆయనకి?” అని అడిగింది. పిల్లలూ, ఇది రాసుకోండి. వస్తువుని వస్తువుతో పోల్చొద్దు. కష్టాన్ని కష్టంతో పోల్చండి.

రైలు పాటలది ఇంకో బాధ. బందరులో ఒక రిటైర్మెంట్ ఫంక్షన్‌కి పిలిచారు. రిటైరయ్యేది రైల్వే గార్డు అని నాకు ముందు ఎవరూ చెప్పలేదు. “ఈ పాటలో రైలు రాత్రీ పగలూ ఎక్కడా ఆగకుండా పోతుందండీ” అన్నాను. ముందు వరసలో దండలేసుకుని కూర్చున్న పెద్దాయన లేచి నిలబడ్డాడు.

“ఎక్కడా ఆగదా? సిగ్నలెవరిస్తన్నారు?”

“పాటలో అండీ.”

“పాటలో అయినా బందరు దాటితే సముద్రమేనయ్యా. ఇక్కడ ఆగి తీరాల్సిందే.”

ఆయన తృప్తి కోసం ఆ రైలుని ఆ రోజు బందరులో ఆపాను. ఆగని రైలు ఆగిందని చెప్పి పాడితే పాటకేమీ నష్టం జరగలేదు. ఇంజన్‌లా డ్రమ్ములు మోగుతున్నంతసేపూ పెద్దాయన మాత్రం వాచీ చూసుకుంటూ కూర్చున్నాడు.

తిడితేనే సొంత ఊరు

కంట్రీకీ రాక్‌కీ తేడా ఏంటని కుర్రాళ్ళు అడుగుతారు. నేను తీగలూ తాళాల జోలికి వెళ్ళను. కంట్రీ పాటలో మనిషి ఊరికి వెళ్ళాలని ఏడుస్తాడు. రాక్ పాటలో అదే ఊరినుంచి పారిపోవాలని అరుస్తాడు. రెండిట్లోనూ ఊరు అదే, మనిషి వయసు మారింది, అంతే.

పెడనలో కలంకారీ అద్దకం చేయించే ఒకాయన ఇంట్లో పెళ్ళి. పెద్ద నగరం గురించి ఒక రాక్ పాట పాడాం. రాత్రంతా దీపాలు, ఎక్కడ చూసినా జనం, ఆ జనంలో వీడొక్కడూ ఒంటరి అని అర్థం చెప్పాను. భోజనాల దగ్గర ఇంటి పెద్దాయన నా భుజం తట్టి, “పాట బాగుందయ్యా. ఆ ఊరే బాగాలేదు” అన్నాడు. అంతకంటే మంచి సమీక్ష ఏ పేపర్లోనూ చదవలేదు.

ఊరిని పొగిడే పాటలు మాత్రం మావాళ్ళకి ఎక్కేవి కావు. నదులు బంగారం, గాలి గంధం అని చెబితే అనుమానంగా చూసేవాళ్ళు. అదే తిట్టే పాట పెడితే ఒళ్ళు మరిచిపోయేవాళ్ళు. గుడివాడ కాలేజీలో ఒకసారి, “ఈయన తన ఊళ్ళో దోమలనీ, దుమ్మనీ, చదివినవాడికి పని దొరకదనీ తిడుతున్నాడు” అని చెప్పానో లేదో, వెనకనుంచి “మన ఊరే!” అని కేక. ఆ పాటకి వన్స్‌మోర్ల మీద వన్స్‌మోర్లు. పరాయివాడు పొగుడుతాడు, సొంతవాడు తిడతాడు. ఇది సామెత కాదు, నేనే అంటున్నాను.

నాంచారమ్మ

ఇక అసలు సంగతికి వస్తాను. ఇంగ్లీషు పాటలు నేను వాయించేవాణ్ణి, అర్థం చెప్పేవాణ్ణి. పాడేది మాత్రం నాంచారమ్మ. స్టేజీ మీద వెంకటరత్నం గారు ఆవిడకి ‘నాన్సీ’ అని పేరు పెట్టారు. ఇంగ్లీషు పాట పాడేటప్పుడు నాంచారమ్మ అంటే జనం నమ్మరని ఆయన భయం. తీరా నాన్సీ స్టేజీ ఎక్కగానే, “మన నాంచారమ్మే!” అని ఎవరో ఒకరు అరిచేవాళ్ళు.

ఆవిడది కోడూరుకి అవతల, సముద్రం వైపు ఉన్న పల్లె. తండ్రి వీరాస్వామి వేటకి వెళ్తాడు. తల్లి సుబ్బమ్మ ఎండు చేపలు అమ్ముతుంది. నాంచారమ్మ బందరులో మేనత్త ఇంట్లో ఉంటూ కేసెట్లు రికార్డు చేసి ఇచ్చే షాపులో పనిచేసేది. ఎవరికి ఏ పాటలు కావాలో అవి ఖాళీ కేసెట్లోకి ఎక్కించడం ఆ షాపు పని. పొద్దస్తమానం వినీ వినీ తెలుగూ, హిందీ, ఇంగ్లీషూ అన్నీ నోటికొచ్చేశాయి. ఇంగ్లీషు భాష రాదు, ఇంగ్లీషు పాట వచ్చు. నేను ఇద్దరు ముగ్గురు ఇంగ్లీషు లెక్చరర్లని ఎరుగుదును, వాళ్ళది దీనికి సరిగ్గా తలకిందులు.

ఒక పెళ్ళిలో ఆవిడ పాడుతుండగా వాళ్ళ పల్లెవాడెవడో చూశాడు. ఊరికి వెళ్ళి చెప్పాడు. “వీరాస్వామి కూతురు ఏదో దొర భాషలో అంటంది, జనం ఈలలేస్తన్నారు.” అన్న మాట ఏంటో తెలియదు, వేసిన ఈల మాత్రం తెలిసింది. ఈలలేశారంటే ఆ మాట మంచిది కాదని తీర్మానం జరిగిపోయింది. ఆ పల్లెల్లో పెద్దల మాట అంటే మాటే. పెళ్ళయినా, వాటాలైనా, వల తగాదా అయినా వాళ్ళ దగ్గరే తేలాలి. నాంచారమ్మ అమ్మని చూడ్డానికి వెళ్ళినప్పుడు, తేలేదాకా ఊరు దాటొద్దని ఆపేశారు.

మేం కబురు విని వెళ్ళాం. పల్లె పెద్ద కాశయ్య మర్యాదగా కుర్చీలు వేయించాడు. “గంగమ్మ జాతరకి వచ్చి ఇక్కడే పాడండి. ముందు అర్థం చెప్పండి. అందులో తప్పు లేకపోతే మీ వెంట పంపుతాం. ఉంటే మా పిల్ల మా దగ్గరే ఉంటది” అన్నాడు. వీరాస్వామి వల అల్లుకుంటూ కూర్చున్నాడు.

వచ్చేటప్పుడు నాంచారమ్మ వ్యాను దాకా వచ్చింది. “ఎండు చేపలు తిరగెయ్యడం తక్కువ పనేం కాదండీ మాస్టారూ. మా అమ్మ చేస్తంది. నేనూ చేస్తా. కానీ నాకు పాట తగులుకుందండీ. ఇక్కడుంటే నేను బతుకుతా గానీ, అది బతకదు” అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు లేవు. ఉంటే ఓదార్చడానికి వీలుండేది.

పాటకి పంచాయితీ

పాట ఏది పెట్టాలో వెంకటరత్నం గారే తేల్చారు. “సముద్రం ఊరు కాబట్టి సముద్రం పాట పెట్టు.” నాకూ అభ్యంతరం లేదు. మా దగ్గర ఉన్నవాటిలో అది నాంచారమ్మ బాగా పాడే పాట. మధ్యలో గిటారు ఒక్కటే వాయించే చోటు కూడా ఉంది. దాని మీద నాకు కాస్త స్వార్థం.

జాతర సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే మొదలుపెట్టమన్నారు. మర్నాడు తెల్లవారకముందే పడవలు వేటకి వెళ్ళాలి. ఇసకలో టార్పాలిన్ పట్టాలు పరిచారు. ఆడవాళ్ళు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చున్నారు. మగవాళ్ళు ఒడ్డున పడవల అంచుల మీద కూర్చున్నారు. పెద్దలకి బల్ల. నాంచారమ్మ మైకు పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

“ముందు అర్థం చెప్పండి మాస్టారూ” అన్నాడు కాశయ్య.

నేను మైకు పట్టుకుని నోరు తెరిచాను. అప్పుడు తట్టింది, ఆ పాటలో ఏముందో. ఒకడు ఒడ్డున నిలబడి, “సముద్రమా, నన్ను తీసుకుపో, ఇక నేను తిరిగి రాను” అని వేడుకుంటాడు. బందరులో ప్రాక్టీసు గదిలో ఆ మాట ఎంతో అందంగా ఉండేది. ఉప్పెన చూసిన నేల మీద, గంగమ్మ జాతరలో, తెల్లవారితే వేటకి వెళ్ళే మగవాళ్ళ ముందూ వాళ్ళ పెళ్ళాల ముందూ ఆ మాట ఎలా అనను? అంటే ఆ పిల్ల కథ అక్కడితో సరి. ఆ తర్వాత నా కథ కూడా.

అందుకని పాటని వెనక్కి తిప్పాను. “ఈ పాటలో ఒకాయన సముద్రం మీంచి ఇంటికి వస్తున్నాడండీ.”

ఆడవాళ్ళ మొహాలు విప్పారాయి. పెద్దలు తలలూపారు. అక్కడ ఆపి ఉండాల్సింది. కానీ ఎవరో అడిగారు.

“చేపలు పడ్డాయా?”

“బాగా పడ్డాయండీ.”

“ఏం చేప?”

నేను గుడివాడ కాలవల మధ్య పుట్టినవాణ్ణి. అల్లుడికి పెట్టే చేప, చుట్టానికి పెట్టే చేప, పాస్టరుగారికి పంపే చేప నాకు ఒక్కటే తెలుసు. గర్వంగా చెప్పాను. “కొర్రమీనండీ.”

ముందు వరసలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత పల్లె మొత్తం ఇసకలో పడి నవ్వింది.

“సముద్రంలో కొర్రమీనా!”

“మాస్టారి సముద్రం కొల్లేరంటయ్యా!”

కాశయ్య మాత్రం నవ్వలేదు. “అంటే మీరు చెప్పింది పాటలో లేదన్నమాట. ఉన్నదేందో దాస్తన్నారు. మంచి మాటైతే దాయాల్సిన పనేంటి మాస్టారూ?”

అడగాల్సిన ప్రశ్న అదే. నేను గిటారు తీగలు సవరించుకోవడం మొదలుపెట్టాను. వెంకటరత్నం గారు లేచి పరిస్థితి చక్కదిద్దబోయారు. “అయ్యా, ఇంగ్లీషువాళ్ళు ఏ చేపనైనా చేపే అంటారండీ. మావాడు మర్యాదకి మంచి చేప పేరు చెప్పాడు” అన్నారు. ఆయన జీవితంలో బుకింగ్ పోగొట్టే మాట ఆడటం నేను అప్పుడే చూశాను.

నాంచారమ్మ నేల చూపు చూస్తోంది. పెద్దలు ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకుంటున్నారు. అప్పుడు పడవ అంచు మీదనుంచి వీరాస్వామి దిగాడు.

“పాడేది మా అమ్మాయి గదా. దాన్నే చెప్పమనండి” అన్నాడు.

“నాకు ఇంగ్లీషు రాదు నాన్నా” అంది నాంచారమ్మ.

“చూశారా!” అన్నాడు బల్ల మీద ఒకాయన.

“ఆ మాటలకి అర్థం నాకు తెలవదు. పాడేటప్పుడు నాకేం కనపడుద్దో అది చెప్తా. అందులో తప్పుంటే ఇక్కడే ఉండిపోతా.”

కాశయ్య చెప్పమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆవిడ మైకు వదిలేసి తండ్రి వైపు తిరిగి చెప్పింది.

“గాలి తిరిగిన రోజు నువ్వు రావాల్సిన టయానికి రావు. అమ్మ పొయ్యి ముట్టించి ఎసరు పెట్టుద్ది. బియ్యం కడిగి పక్కన పెట్టుకుంటది, పొయ్యదు. పడవ కనపడుతుందేమో చూసి రమ్మని నన్ను దిబ్బ మీదికి పంపుద్ది. కనపళ్ళేదని వచ్చి చెప్తా. ఎసరు మరిగి మరిగి తగ్గిపోద్ది. అమ్మ ఇంకో చెంబుడు నీళ్ళు పోసుద్ది. మళ్ళీ నన్ను పంపుద్ది. ఎవరం ఏడవం. ఎవరం మాట్టాడం. ఎసరు చప్పుడొక్కటే. ఈ పాట మధ్యలో నేను ఆపుతా, మాస్టారు గిటారొకటే వాయిస్తారు. అక్కడ నాకు ఆ ఎసరు వినపడుద్ది నాన్నా. మళ్ళీ నేను ఎత్తుకునేటప్పుడు, దిబ్బ మీంచి నీ పడవ కనపడినట్టు ఎత్తుకుంటా.”

వీరాస్వామి ఆడవాళ్ళలో కూర్చున్న భార్య వైపు తిరిగాడు.

“ఎసరేందే?”

సుబ్బమ్మకి అందరి ముందూ మాట్లాడటం ఇష్టం లేదు. “బియ్యం పోస్తే ఉడికిపోతయ్యిగా” అంది.

“ఉడికితే?”

“నువ్వు రాకపోతే ఎవరు తింటారు?”

ఎవరో కిసుక్కున నవ్వారు. పక్కనున్న ఆవిడ, “మా ఇంట్లోనూ అంతే” అంది. ఇంకో ఆవిడ, “మరి, బియ్యం దండగ చేసుకుంటామా?” అంది. ఇంకొకామె మొగుడివైపు వేలు చూపించి, “ఈయనగారేమో పడవ దిగీ దిగకముందే, ఇంకా ఉడకలేదా అని కేకలు” అంది. ఆడవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. పడవల మీద కూర్చున్న మగవాళ్ళు నవ్వలేదు. తన ఒక్కడి ఇంట్లోనే వంట ఆలస్యమని ఇన్నాళ్ళూ ఎవడికి వాడు అనుకుంటున్నాడు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వు దానంతటదే ఆగిపోయింది.

“పాడమ్మా” అన్నాడు కాశయ్య.

నాంచారమ్మ పాడింది. మధ్యలో నా వంతు వచ్చింది. ఎన్నో స్టేజీల మీద గొప్ప కోసం గబగబా వాయించిన చోటు అది. ఆ రోజు వేళ్ళు వాటంతటవే నెమ్మదించాయి. సిగ్గుపడాల్సిన సంగతేమీ కాదు కాబట్టి చెబుతున్నాను, ఆవిడ మళ్ళీ ఎత్తుకునేటప్పుడు ఏడ్చాను. వెంకటరత్నం గారు కూడా ఏడ్చారు. అయితే ఆయన నాటకాల మనిషి, కనపడేలా ఏడ్చారు.

పెద్దలు లేచి పక్కకి వెళ్ళలేదు. కూర్చున్నచోటే కాశయ్య తీర్పు చెప్పాడు. “పిల్ల చెప్పిందాంట్లో తప్పు లేదు. పంపుతాం. కానీ ఇకనించి అర్థం పిల్లే చెప్పాలి. మాస్టారు వాయించుకోవచ్చు. చేపల జోలికి మాత్రం రాకూడదు.”

“అట్టాగేనండీ” అన్నారు వెంకటరత్నం గారు వెంటనే. నన్ను ఒక్క మాట అడగలేదు. అలా పోయింది నా ఉద్యోగం, ఎలా వచ్చిందో అలాగే.

ఆ తర్వాత ఆర్కెస్ట్రా నడిచినన్నాళ్ళూ నాంచారమ్మే అర్థం చెప్పింది. ఆవిడ చెప్పినవి ఏ పాటలోనూ లేవు. ఇంగ్లీషు తెలిసినవాణ్ణి నేను, పక్కనే నిలబడి వినేవాణ్ణి. రైలు పాటకి మేనత్త ఇంట్లో మొదటి రాత్రి నిద్రపట్టకపోవడం చెప్పేది. నగరం పాటకి కేసెట్ల షాపులో మధ్యాహ్నం చెప్పేది. ఏ ఊళ్ళోనూ ఎవరూ లేచి ఆ ఊరెక్కడని అడగలేదు. నేను పాటలో ఉన్న ఊరిని వెతికి వెతికి చెప్పేవాణ్ణి. ఆవిడేమో, పాడే మనిషి ఎక్కడుందో చెప్పేది. జనానికి కావాల్సింది రెండోదని నాకు ఆలస్యంగా తెలిసింది. మీకు ముందే తెలియడం మంచిదని రాస్తున్నాను.

ఆ జాతర రోజు సంగతి ఒకటి మిగిలింది. సామాను ఎక్కించి వ్యాను కదలబోతుంటే వీరాస్వామి నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

“అందరి ముందూ అడగలేదు మాస్టారూ. నిజంగా ఆ పాటలో ఏముందండీ?”

ఇక దాచి ప్రయోజనం లేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. సముద్రమా, నన్ను తీసుకుపో, తిరిగి రాను అంటాడని. ఆయన కోప్పడలేదు.

“అది కట్టినోడికి పెళ్ళయిందా?”

“తెలియదండీ.”

“అయ్యుండదు” అన్నాడు. “ఎసరు పెట్టుకుని చూసే మనిషి ఇంట్లో ఉంటే ఆ మాట నోటికి రాదు.”

సుబ్బమ్మ కాస్త దూరంలో పట్టాలు దులిపి మడతపెడుతోంది. వీరాస్వామి అటు నడిచాడు. నాలుగడుగులు వేసి ఆగి, ఎటూ చూడకుండా, “రేపు పెందలాడే వచ్చేస్తాలే” అన్నాడు. ఆ మాట నాతో అన్నది కాదు.